శనివారం వచ్చిన నెత్తురు

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, తలా ఒకటి వండుకొచ్చే పాట్‌లక్ ఉన్న రోజున అనూరాధ ఎక్కడుందా అని వెతకక్కర్లేదు. పళ్ళ ట్రే పక్కనే ఉండేది. కబుర్లు చెబుతూ, పేపర్ ప్లేట్లు అందిస్తూ, బొప్పాయి ముక్క ఎవరు వద్దంటున్నారో ఓ కంట కనిపెట్టేది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఎవరైనా అనాస ముక్కను ఫోర్కుతో అటూ ఇటూ దొర్లించి, చివరికి న్యాప్‌కిన్ కింద దాచేసిందంటే మా అనూరాధ కళ్ళు మెరిసేవి. ఆ వారంలోనే డబ్బా నిండా ఏదో వండుకుని ఆ పిల్ల ఇంటికెళ్ళేది. "ఎన్నో వారం?" అని చెవిలో అడిగేది. మొగుడికి తప్ప ఇంకో ప్రాణికి తెలియని సంగతి ఈవిడకెలా తెలిసిందిరా భగవంతుడా అని ఆ పిల్ల నోరు తెరిచేది.

దేశం కాని దేశంలో, ఈ బాతెల్ ఊళ్ళో మా కాంప్లెక్సంతా మనవాళ్ళే. పొద్దున్నే సగం పార్కింగ్ ఖాళీ అయి రెడ్‌మండ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల దారి పట్టేది. మూడో నెల వెళ్ళేదాకా కడుపుతో ఉన్నామని బయటికి చెప్పకూడదని మనకు ఎవరు నేర్పారో గానీ, ఇక్కడికొచ్చాక కూడా ఆ ఒక్కటీ ఎవరూ వదల్లేదు. సరిగ్గా ఆ మూడు నెలల నెత్తురే అనూరాధకు కావాలి. నేను తిట్టేదాన్ని. "పిల్లల్ని ఎత్తుకుపోయేదానిలా ఆ చూపేంటే నీకు? జడుసుకుంటారు" అనేదాన్ని. అది నవ్వేది. "ఎత్తుకపోనీకె కాదక్కా, ఎవ్వరూ ఎత్తుకపోకుండ" అనేది. నవ్వుతూనే అనేది కానీ ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

నా పేరు ఉష. మాది తెనాలి. నోరు కాస్త పెద్దదే, అది మా ఆయన అయినా ఒప్పుకుంటాడు. అనూరాధ మా పై ఫ్లాట్‌లో ఉండేది. హన్మకొండ పిల్ల, బయోకెమిస్ట్రీలో ఎం.ఎస్సీ. మొగుడు దివాకర్ నోట్లో నాలుక లేని మనిషి, నెట్‌వర్కింగ్ ఉద్యోగం. వచ్చిన కొత్తలో అందరిలాగే డిపెండెంట్ వీసా మీద గోడలు చూస్తూ కూర్చుంది. తర్వాత దగ్గర్లో ఉన్న ఓ చిన్న బయోటెక్ ల్యాబ్‌లో జీతం లేకుండా గాజుసామాను కడగడానికి చేరి, వాళ్ళే వీసా చేయించి ఉద్యోగం ఇచ్చేదాకా అక్కణ్ణించి కదల్లేదు. ఇన్ని ల్యాబులుండగా అదే ఎందుకు అంటే, దానికి కారణం వాళ్ళ అక్క.

అక్క పేరు సుధ. 2001లో, ఏడో నెలలో, సీమంతానికి పుట్టింటికొచ్చింది. కాళ్ళు చేతులు బాగా వాచి ఉన్నాయి. చూసినవాళ్ళందరూ నీరు పట్టింది, మామూలే అన్నారు. మర్నాడు తలనొప్పి అంది. కళ్ళ ముందు మెరుపులొస్తున్నాయంది. కాఫీ ఇచ్చి పడుకోబెట్టారు. కాసేపటికి ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. ఆస్పత్రిలో ఆయా చూడగానే, కడుపుతో ఉన్నవాళ్ళకొచ్చే ఫిట్స్‌ని పాతవాళ్ళు అనే మాట, "గుర్రపువాతం" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుందట. డాక్టరమ్మ బయటికొచ్చి అడిగింది, "ఎప్పట్నించి ఉందమ్మా ఇది?" అని. ఇంట్లో అంతమంది ఉన్నారు, ఒక్కరూ చెప్పలేకపోయారు. సుధా పోయింది, కడుపులో బిడ్డా పోయింది.

"ఆ 'ఎప్పట్నించి' ఉన్నది చూడు అక్కా, అది నా చెవుల్నించి పోతలేదు" అనేది అనూరాధ. ల్యాబ్‌లో ఓ పెద్ద ఫ్రీజర్ ఉండేదట. లోపల మైనస్ ఎనభై. తలుపు తియ్యగానే తెల్లటి పొగ మొహం మీదికి కొడుతుందట. "ఆ పొగ వచ్చినప్పుడల్లా మా అక్క నా ఎన్క నిలబడ్డట్టే ఉంటది. 'గిండ్ల నా నెత్తురేదే' అని అడిగినట్టుంటది. లేదు కద అక్కా. ఆమెది ఎవ్వరూ దాచిపెట్టలే." నేను "ఆ ఉద్యోగం మానెయ్యవే తల్లీ, ఎక్కడైనా కోడింగ్ నేర్చుకుని బాగుపడు" అని కసిరాను. మానేస్తే కదా.

నాకు సైన్సు తలకెక్కదు. ఒకసారి మెట్ల మీద నిలబెట్టి నాకర్థమయ్యేలా చెప్పింది. "ఈ బిల్డింగ్‌ల అందరిండ్లల్ల అవే సామాన్లు, అవే పోపుడబ్బాలు కద. తలుపులన్నీ మూసే ఉంటయ్. అయినా కారిడార్‌ల నడుస్తుంటె ఎవరింట్ల పోపు వేగుతున్నదో, ఎవరింట్ల పప్పు అడుగంటుతున్నదో ముక్కుకు తెలుస్తది. ఒళ్ళు గూడ గంతే. అన్ని కణాలల్ల జీన్స్ అవే. ఏది పొయ్యి మీదున్నది, ఏది బందై ఉన్నది అన్నదే తేడా. దాన్నే జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటం. బిడ్డకు తిండి పెట్టే మాయ మొదట్లనే సరిగ్గ అతుక్కోకపోతె, ఆ మాడు వాసన తల్లి నెత్తుర్లకు వస్తదని మా ఆశ. బీపీ పెరిగేది ఎప్పుడో ఆరు, ఏడు నెలలకు. అప్పటికి ఇల్లంత అంటుకున్నట్టే. వాసన రెండో నెలల్నే పట్టాలె." నాకు బాగానే అర్థమైంది. ఆ తర్వాత కారిడార్‌లో ఎవరింట్లో ఏది మాడినా నాకు అనూరాధ వాళ్ళక్క సుధే గుర్తొచ్చేది, అది వేరే బాధ.

వాళ్ళ పని ఇదీ. తొలి నెలల్లో ఆడవాళ్ళ దగ్గర నెత్తురు తీసి ఫ్రీజర్లో దాస్తారు. కాన్పులయ్యాక, ప్రీఎక్లాంప్సియా, అంటే సుధను తీసుకుపోయిన ఆ బీపీ జబ్బు, వచ్చినవాళ్ళ నెత్తురునూ సుఖంగా కన్నవాళ్ళ నెత్తురునూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. అలా పోల్చి పోల్చి కొన్ని జీన్లను పట్టుకున్నారు. 2010లో అసలు పరీక్ష పెట్టుకున్నారు. ఇంకా కనని కొత్తవాళ్ళ నెత్తురు చూసి ముందే చెప్పగలరా లేదా అని. అందులో ఎవరి నెత్తురు ఎవరిదో ల్యాబ్‌లో ఒక్కరికీ తెలియకూడదు. ట్యూబు మీద ఒక నెంబరు, తీసిన తేదీ. అందరి కాన్పులూ అయ్యాకే పేర్ల ముడి విప్పుతారు. నెత్తురిచ్చినవాళ్ళకు ఏదీ చెప్పకూడదు, ఎందుకంటే ఆ పరీక్ష నిజమో కాదో ఇంకా ఎవరికీ తెలియదు.

ఆ ఫిబ్రవరి పాట్‌లక్‌లో బొప్పాయి దగ్గర దొరికిన పిల్ల సాయి ప్రియ. భీమవరం నుంచి వచ్చి ఏడాది కాలేదు. మొగుడు లోకేష్ రెడ్‌మండ్‌లో ప్రోగ్రామర్. బెదురుగొడ్డు లాంటి పిల్ల, ఎవరేమన్నా తలూపుతుంది. అనూరాధ రెండు రోజులు బతిమాలి ఒప్పించి, తనే క్లినిక్‌కి ఫోన్ చేసి శనివారానికి అపాయింట్‌మెంట్ బుక్ చేసింది. క్లినిక్ నుంచి వచ్చిన నెత్తురును చెడిపోకముందే మిషన్లో గిరగిరా తిప్పి, వేరుచేసి, ఫ్రీజర్లో పెట్టాలి కాబట్టి శనివారాలు ల్యాబ్‌కి వెళ్ళడం అనూరాధ వంతు. ఆ శనివారం ఒక్కటంటే ఒక్క ట్యూబు వచ్చింది. తెలియకూడని నెంబరు అనూరాధకు తెలిసిపోయింది. పై వారం సాయి ప్రియ మెట్ల దగ్గర కనిపిస్తే "ఇచ్చినవా?" అని అడిగింది. "ఇచ్చానక్కా, సూది అసలు నొప్పే పుట్టలేదు" అందా పిల్ల. అక్కడితో ఆ మాట అయిపోయింది.

మే నెలలో ఓ సాయంత్రం మా తలుపు కొట్టింది. తెరిచి చూస్తే మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందే? దివాకర్ బాగానే ఉన్నాడా?"

"ఆయనకేమైతదక్కా. ఇయ్యాల రన్ అయింది. కొత్త శాంపిల్సన్నీ చూసినం. ముప్పున్నది ఎర్రగ వెలుగుతది, అందర్ల కన్నా ఎర్రగ వెలిగింది ఒకటున్నది." కుర్చీలో కూలబడింది. "శనివారం నెంబరు. సాయి ప్రియది."

ఆ పిల్లకప్పుడు ఐదో నెల నడుస్తోంది. చెప్పెయ్యవే అన్నాను. చెప్పొద్దంటారక్కా అంది. అప్పటికే వాళ్ళ బాస్ హెలెన్‌ని, ఆ నెంబరు ఎవరిదో తనకు తెలుసన్న సంగతి దాచి, ఊరికే అడిగినట్టు అడిగిందట. అరవై దాటిన ఆ పెద్దావిడ శాంతంగానే చెప్పిందట. "ఎర్రగా వెలిగినవాళ్ళలో ఎంతమందికి నిజంగా వస్తుందో మనకు తెలియదు. తెలియని దాంతో ఒక ఆడదాన్ని నాలుగు నెలలు భయంలో ఎలా బతకమంటావు?" అని. ఆవిడన్నదాంట్లో తప్పేం లేదు. తప్పు లేదు గనకే అనూరాధకు ఎటూ తోచలేదు. మా సోఫాలో కూర్చుని అరచేతులు చూసుకుంటూ, "అక్కను చూసిన, ఇప్పుడు ఈ పిల్లను గూడ చూసుకుంట కూసోవాల్నా?" అని ఏడ్చింది.

చివరికి దానికొక దారి దొరికింది. రిజల్టు చెప్పకూడదు, సరే. బీపీ చూడకూడదని ఎవరూ అనలేదు కదా. బీపీ మిషను కొనుక్కొచ్చింది. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఓ చేతిలో కూర గిన్నె, ఓ చేతిలో మిషను, సాయి ప్రియ గుమ్మంలో హాజరు. సొరకాయ పప్పనీ, బీరకాయ పచ్చడనీ వంక. గిన్నె బల్ల మీద పెట్టగానే "ఏదీ, చెయ్యి ఇటు పట్టు" అని పట్టీ చుట్టేసేది. తల నొస్తోందా, కళ్ళ ముందు ఏమన్నా మెరుస్తోందా, ఉంగరం బిగుతైందా. మొదట్లో సాయి ప్రియ మురిసిపోయింది, సొంత అక్కలా చూస్తోందని. నెల తిరిగేసరికి ఆ పిల్లకు డోర్‌బెల్ మోగితే గుండె దడ మొదలైంది. లోకేష్ నన్ను లిఫ్ట్ దగ్గర ఆపి, "ఆంటీ, అనూరాధగారితో మీరైనా చెప్పరా, రోజూ చెక్ చేస్తుంటే తను టెన్షన్ పడుతోంది" అన్నాడు. ఆంటీ అన్నందుకు ముందు వాడికి రెండు తగిలించి, తర్వాత చెబుతాలే అన్నాను. చెప్పలేదు.

జూన్‌లో లోకేష్ వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ గారు దిగారు. ఆవిడ వచ్చిన వారానికే సుధ సంగతి ఎవరో ఊదేశారు. ఎవరో నాకు తెలుసు, పేరు చెబితే మళ్ళీ ఓ గొడవ. ఆషాఢం రాకముందే సీమంతం చెయ్యాలని జులై నాలుగు లాంగ్ వీకెండ్‌లో ముహూర్తం పెట్టుకుని కాంప్లెక్సంతా పిలిచారు, అనూరాధను తప్ప. కాన్పు దాకా రాకుండానే అక్క పోయిన ఇంటి పిల్ల, శుభకార్యంలో అలాంటిదాని చూపు పడితే బాగుండదట. నాకు ఒళ్ళు మండింది. నేనూ పోనన్నాను. అనూరాధే నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు పోవాలక్కా. నువ్వు పోతెనే కద నాకు తెలిసేది. ముఖం చూడు. చేతులు చూడు."

వెళ్ళాను. క్లబ్‌హౌస్‌లో పూలూ, పసుపూ, వీడియోగ్రాఫరూ. సాయి ప్రియను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కరూ గాజులు తొడుగుతున్నారు. మొదటి జత వేళ్ళ కణుపులు దాటలేదు. కొలిచి తెప్పించిన గాజులే. "నీరు పట్టిందిలే, సబ్బునీళ్ళు తెండి" అన్నారెవరో. సబ్బు రాసి నెట్టారు. ఆ పిల్ల పళ్ళ బిగువున నవ్వుతూ ఫోటోలకు చూస్తోంది. మొహం ఉబ్బి ఉంది. ఒక గాజు చిట్లింది. "అయ్యో, ఏం పర్లేదు, దిష్టి పోయింది" అన్నారు. నేను ఇంకక్కడ నిలబడలేకపోయాను. బయటికొచ్చి ఫోన్ చేశాను.

రెండు నిమిషాల్లో వచ్చింది. ఇంట్లో కట్టుకున్న పాత చుడీదారుతో, చెప్పులైనా విప్పకుండా, అంతమంది పట్టుచీరల మధ్యలోంచి తోసుకుంటూ వచ్చి సాయి ప్రియ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బుగ్గ మీద వేలు పెట్టి నొక్కింది. "లోకేష్, కార్ తియ్యి. హాస్పిటల్‌కి పోవాలె, ఇప్పుడే" అంది. స్పీకర్లో పెట్టిన పాట ఎవరో ఆపేశారు. సాయి ప్రియ భోరుమంది. రాజేశ్వరమ్మ గారు కోపంతో వణికిపోయారు గానీ, లోకేష్ హడలిపోయి కారు తీశాడు.

ఆస్పత్రిలో బీపీ చూశారు, మూత్రం చూశారు, నెత్తురు చూశారు. అంతా బాగుంది. ఎండలకు కాస్త నీరు చేరిందంతే అని పంపించేశారు. పార్కింగ్‌లో కారు దిగుతూ రాజేశ్వరమ్మ గారు అరవలేదు. అరిచినా బాగుండేది. "అమ్మా, నీ బాధ నాకు తెలుసు. కానీ చచ్చిపోయిన మీ అక్కని నా కోడలి మీదికి ఎక్కించకు" అన్నారు. అనూరాధ తల వంచుకుని నిలబడింది. నేను దాని భుజం పట్టుకుని పైకి తీసుకొచ్చాను.

ఆ తర్వాత ఆ తలుపు దానికి మూసుకుపోయింది. సాయంత్రాలు పార్కింగ్‌లో తన కార్లో కూర్చుని వాళ్ళ బాల్కనీ కేసి చూసేది. సాయి ప్రియ బట్టలు తీసుకోవడానికి బయటికొస్తే, నడక చూసి, మనిషి బాగానే ఉందని తేల్చుకుని అప్పుడు పైకొచ్చేది. కొన్ని సాయంత్రాలు నేనూ వెళ్ళి పక్క సీట్లో కూర్చునేదాన్ని. ఒకసారి, "అక్క గిట్లనే బట్టలు తీస్తుండె దండెం మీద" అంది. నాకు భయమేసి రేడియో పెట్టాను.

సెప్టెంబరులో సాయి ప్రియకు కొడుకు పుట్టాడు. నిండు నెలలు, మామూలు కాన్పు, తల్లీ బిడ్డా గుండ్రాళ్ళలా ఉన్నారు. కబురు తెలిసి అనూరాధ నన్ను వాటేసుకుని ఎంత ఏడ్చిందో. ఏడ్చి, మొహం కడుక్కుని, నిదానంగా అంది. "అంటె మా టెస్ట్ తప్పక్కా. అంత ఎర్రగ వెలిగిందాన్కే ఏం కాలేదంటె, వాసనా లేదు ఏం లేదు. ముందుగాల ఎవ్వరికీ తెల్వదు. అక్కప్పుడు గూడ ఎవ్వరం ఏం చెయ్యలేకపోదుం."

ఇన్నేళ్ళ చాకిరీ మట్టిగొట్టుకుపోయిందన్న మాటను అంత తేలిగ్గా అనడం నేను చూడలేదు. ఆ కొన్ని వారాలు అది మనిషైంది. అన్నం తిన్నది. దివాకర్‌తో సినిమాకెళ్ళింది. పోర్ట్‌లాండ్ చూసొచ్చింది. ల్యాబ్ మానేసి కమ్యూనిటీ కాలేజీలో టీచింగ్ చూసుకుంటానంది. నేను లోపల్లోపల ఆ పరీక్ష తప్పైనందుకు దణ్ణం పెట్టుకున్నాను.

దసరా రోజుల్లో బారసాల చేశారు. మనవణ్ణి ఎత్తుకున్నాక రాజేశ్వరమ్మ గారి మనసూ కరిగింది. ఆవిడే స్వయంగా పైకి వెళ్ళి బొట్టు పెట్టి అనూరాధను పిలిచారు. ఉయ్యాల దగ్గర కూర్చోబెట్టి ఒళ్ళో పిల్లాణ్ణి పెట్టారు. అనూరాధ వాడి అరికాలు మీద వేలితో గీస్తూ కూర్చుంది. సాయి ప్రియ పక్కన చేరి వాగుతూనే ఉంది. భయం పోయాక ఆ పిల్లకు ఎక్కళ్ళేని మాటలూ వచ్చాయి.

"మీకో సంగతి చెప్పలేదక్కా, ఏమనుకోకండేం. అప్పుడు బ్లడ్ ఇమ్మన్నారు కదా, శనివారం బుక్ చేశారు కదా. నేను ఆ రోజు వెళ్ళలేదు."

"ఏమన్నవ్?"

"శనివారం అమావాస్య పడింది కదండీ. మా అమ్మ ఫోన్‌లో ఒకటే గోల, కడుపుతో ఉన్నదానివి శని అమావాస్య పూట గడప దాటి నెత్తురిస్తావా అని. మీకు చెబితే నవ్వుతారని నేనే క్లినిక్‌కి ఫోన్ చేసి బుధవారానికి మార్పించుకున్నా. ఎలాగూ ఇచ్చాను కదా, ఏం తేడా లేదు కదక్కా?"

"ఏం లేదు" అంది అనూరాధ.

నేను వడపప్పు పంచుతున్నాను. దాని మొహం చూసి పళ్ళెం కింద పెట్టేశాను. పిల్లాణ్ణి జాగ్రత్తగా తల్లి చేతిలో పెట్టి, లేచి, చెప్పులేసుకుని బయటికి నడిచింది. వెనకాలే పరిగెత్తాను. మెట్ల కింద రెయిలింగ్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ శనివారం ఒక్కతే ఇచ్చిందక్కా" అంది. "ఒక్కతే వచ్చింది. ఎవరామె?"

సోమవారం హెలెన్ దగ్గరకెళ్ళి మొత్తం చెప్పేసింది. నెంబరు తెలిసిపోవడం, బీపీ మిషను, సీమంతం, అన్నీ. ఉద్యోగం పోతే పోనీ, ఆ నెంబరు ఎవరిదో చూసి ఆవిడకు ఫోన్ చెయ్యండని కాళ్ళావేళ్ళా పడింది. హెలెన్ అంతా నోట్ చేసుకుందట. తర్వాత క్యాలెండర్ చూపించి, "అనూ, ఫిబ్రవరిలో ఇచ్చినవాళ్ళందరికీ కాన్పులైపోయాయి. ఏది జరగాలో అది జరిగిపోయింది" అందట. ఉద్యోగం తియ్యలేదు. ఆ శాంపిల్స్ ముట్టుకోవద్దని మాత్రం అంది.

పై ఏడాది వసంతంలో పేర్ల ముడి విప్పారు. అంటే పేర్లు కాదు, ల్యాబ్‌కి పేర్లు ఎప్పటికీ రావు. నెంబరు పక్కన ఏమైందో ఒక మాట వస్తుంది. గది నిండా జనం కూర్చున్నారట. తెర మీద చుక్కలు పడ్డాయట. సుఖంగా కన్నవాళ్ళందరూ కింద నీలంగా. జబ్బు చేసినవాళ్ళు పైన ఎర్రగా. అన్నిటికన్నా పైన ఒక్క చుక్క, ఆ శనివారం నెంబరే. పక్కన ఇరవై తొమ్మిదో వారం, తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, ఫిట్స్ అని ఉంది. తొమ్మిదో వారంలో తీసిన నెత్తురులోనే ఇంత స్పష్టంగా కనిపించిందని ఆ చుక్కను హెలెన్ అందరికీ చూపించిందట. అందరూ లేచి చప్పట్లు కొట్టారట. అనూరాధ భుజాలు తట్టారట.

ఇరవై తొమ్మిదో వారం అంటే జులై నాలుగు వీకెండే. మేమందరం సాయి ప్రియకు సబ్బునీళ్ళతో గాజులెక్కిస్తున్న రోజులే.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చింది, ఆఫీసులో కోసిన కేకు ముక్క పేపర్ ప్లేట్లో పెట్టుకుని. ఎవరో చేతిలో పెడితే ఎక్కడ పారెయ్యాలో తెలియక తెచ్చిందట.

"టెస్ట్ కరెక్టేనక్కా. మా అక్కకు గూడ రెండో నెలల్నే ఉండె."

"ఆవిడ బతికే ఉందా? బిడ్డ?"

"అడిగిన. మా దాక రాదట. ఆస్పత్రోళ్ళకు తెలుస్తదట, వాళ్ళు చెప్పరట." కేకు ముక్కను బల్ల మీద పెట్టింది. "ఆ క్లినిక్ మన ఇంటికి పది నిమిషాలక్కా. ఈ చుట్టుపక్కలామెనే అయి ఉంటది. మే నెల నుంచి రోజు తప్పకుండ మిషను పట్టుకొని పోయిన కద. ఒక్క దినమన్న పోవాల్సిన ఇంటికి పోలే."

పక్కన కూర్చుని, నేనూ ఏడ్చాను.

ల్యాబ్ మానలేదు. టీచింగ్ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ జీన్ల మీద ఇంకా పెద్ద పరీక్షలు పెడుతున్నారు, ఇంకా వేల మంది నెత్తురు కావాలట, నిజంగా క్లినిక్కుల్లోకి రావడానికి ఇంకా ఎన్నేళ్ళో ఎవరూ చెప్పడం లేదు. మాకు చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు వచ్చే వయసు వచ్చేసింది గానీ దాని పిచ్చి తగ్గలేదు. కొత్త పిచ్చి ఇంకొకటి పట్టుకుంది. ఎక్కడ ఆ ఏడు పుట్టినట్టున్న పిల్లో పిల్లాడో కనబడినా వంగి, "నీ బర్త్‌డే ఎప్పుడు?" అని అడుగుతుంది. జులై కాక డిసెంబరనో మార్చనో అంటే బుగ్గ మీద తట్టి వదిలేస్తుంది.

ఈ ఏడు, 2015 వేసవిలో, ఇద్దరం లైబ్రరీకి వెళ్ళాం. పిల్లల పుస్తకాల దగ్గర మందపాటి కళ్ళద్దాలు పెట్టుకున్న ఓ చిన్నది, వయసుకి బాగా పొట్టి, బొమ్మల పుస్తకం తలకిందులుగా పట్టుకుని చూస్తోంది. అనూరాధ వంగింది.

"జులై సెకండ్" అని ఇంగ్లీషులో చెప్పింది ఆ పిల్ల. "ఐయామ్ ఫైవ్. నేను చాలా తొందరగా వచ్చేశానంట."

అనూరాధ చెయ్యి షెల్ఫు పట్టుకుంది. "మీ అమ్మ ఏదమ్మా?" అని ఇంగ్లీషులోనే అడిగింది.

"పార్కింగ్" అంది ఆ పిల్ల, పేజీ తిప్పుతూ.

మేమున్న చోటికి పక్కనే పార్కింగ్ వైపు తలుపు ఉంది. అది తెరుచుకున్నప్పుడల్లా అనూరాధ తలెత్తి చూసింది. ఓ ముసలాయన, ఇద్దరు కాలేజీ పిల్లలు, స్ట్రోలర్‌తో ఓ చైనా ఆవిడ. వెళ్దాం పదవే అని చెయ్యి లాగాను, కదల్లేదు. చివరికి కారు తాళాలు ఊపుకుంటూ, భుజాన సంచీ జారిపోతుంటే ఎగదోసుకుంటూ, ఒకావిడ వచ్చింది. లావుపాటి మనిషి, ఎర్రజుట్టు, ఎండకు కందిపోయిన మొహం. "మామ్!" అని ఆ పిల్ల పరిగెత్తి కాళ్ళకు చుట్టుకుంది. ఆవిడ మమ్మల్ని చూసి ఊరికే నవ్వి, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. అనూరాధ ఏమీ అడగలేదు.

కార్లో కూర్చున్నాక చాలాసేపు సీటుబెల్టు పెట్టుకోలేదు.

"ఈమెనే అనుకుందామా అక్కా?"

"ఈవిడే" అన్నాను. "ఇంకెవరుంటారు?"

తలూపింది. కళ్ళు తుడుచుకుంది. దార్లో కూరగాయలు కొనుక్కుని ఇంటికొచ్చాం. పై వారం మళ్ళీ అదే లైబ్రరీలో, ఇంకో పిల్లాడి ముందు వంగి బర్త్‌డే ఎప్పుడని అడుగుతోంది.